మంచు మీద ఆడీ, తారు మీద లాన్సియా

1983 ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ ముగిసేసరికి తయారీదారుల పట్టికలో లాన్సియాకు 118 పాయింట్లు, ఆడీకి 116. ఆడీ క్వాట్రోలో ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందేది. లాన్సియా 037లో వెనక చక్రాలు రెండింటికే. కొత్త విద్య పాతదాన్ని తుడిచిపెట్టేస్తుందని అందరూ ఎదురుచూసిన ఏడాదిలో పాతదే నెగ్గింది. ఎలా నెగ్గిందో తెలియాలంటే ఏ కారు గొప్పదని అడిగితే చాలదు, ఏ రోడ్డు మీద అని కూడా అడగాలి.

నాలుగు చక్రాలకూ బలం పంచే ఆలోచన ఆడీ కనిపెట్టింది కాదు. 1961లో ఇంగ్లండులోని ఓల్టన్ పార్క్‌లో, తడిసిన ట్రాక్ మీద, స్టర్లింగ్ మాస్ ఫెర్గూసన్ పీ99తో గోల్డ్ కప్ గెలిచాడు. నాలుగు చక్రాల డ్రైవ్‌తో ఒక ఫార్ములా వన్ కారు గెలిచిన పందెం అదొక్కటే. 1969లో లోటస్, మత్రా, మెక్‌లారెన్ మళ్లీ ప్రయత్నించాయి. బరువు పెరిగింది, స్టీరింగు మొరాయించింది. ఆ ఏడాదంతా కలిపి ఇలాంటి కార్లకు దక్కింది ఒకే ఒక్క పాయింటు, అదీ కెనడాలో ఆరో స్థానంలో వచ్చిన మత్రాకు. అప్పటికే టైర్లు వెడల్పయ్యాయి, రెక్కలు కారును నేలకు అదిమిపట్టడం మొదలుపెట్టాయి. పొడి ట్రాక్ మీద వెనక చక్రాలకు కావలసినంత పట్టు దొరికాక అదనపు షాఫ్టులు మోసుకు తిరగడం దండగ అనిపించింది.

ఆడీ కథ వేరే చోట మొదలైంది. 1976–77 చలికాలంలో ఫిన్లాండ్ మంచు మీద కంపెనీ ముందు చక్రాల కార్లను పరీక్షిస్తోంది. వెంట తెచ్చుకున్న ఫోక్స్‌వాగన్ ఇల్టిస్ అనే సైనిక వాహనానికి ఉన్నది 75 గుర్రాల బలమే. అయినా అంతకంటే బలమైన కార్లు దాన్ని అందుకోలేకపోయాయి. అది గమనించిన ఇంజినీరు యోర్గ్ బెన్‌సింగర్ అలాంటి డ్రైవ్‌ను మామూలు కారులో పెడదామని ప్రతిపాదించాడు, ఆడీ సాంకేతిక విభాగాధిపతి ఫెర్డినాండ్ పీఎచ్ సరేనన్నాడు. 1978 జనవరిలో ఆస్ట్రియాలోని టురాఖర్ హోయె కనుమ దగ్గర, 23 శాతం వాలున్న మంచు దారిలో, వేసవి టైర్లతో, గొలుసులు కట్టకుండా నమూనా కారు పైకెక్కేసింది. ఆడీ యజమాని అయిన ఫోక్స్‌వాగన్ పెద్దలకు అది చాలింది.

తరవాత వచ్చిన చిక్కు చిన్నదే కానీ ఆసక్తికరమైనది. ఫోక్స్‌వాగన్ పరిశోధన విభాగాధిపతి ఎర్న్‌స్ట్ ఫియాలా భార్య ఆ నమూనాను వియన్నాలో నడిపి, పార్కింగ్‌లో మలుపు తిప్పుతుంటే కారు ఎగిరెగిరి పడుతోందని ఫిర్యాదు చేశారట. కారణం సులువే. మలుపులో ముందు చక్రాలు తిరిగే దూరం ఎక్కువ, వెనక చక్రాలు తిరిగేది తక్కువ. రెండింటినీ బిగించి కట్టేస్తే టైరు రోడ్డుతో పెనుగులాడుతుంది. మంచు మీద టైరు జారి సర్దుకుంటుంది, పొడి తారు మీద సర్దుకోదు. కాబట్టి ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఒకటి మధ్యలో తప్పనిసరైంది. గేర్‌బాక్సులో 263 మిల్లీమీటర్ల బోలు షాఫ్టు పెట్టి, అందులోంచే ముందుకొక దారి, వెనక్కొక దారి తీయడంతో బరువు పెద్దగా పెరగకుండా పని జరిగింది. 1980 మార్చిలో జెనీవా ప్రదర్శనలో 200 గుర్రాల బలంతో క్వాట్రో బయటికి వచ్చింది.

1981 మాంటే కార్లో ర్యాలీలో హన్ను మిక్కోలా ఆ కారుతో మంచులో దాదాపు ఆరు నిమిషాల ఆధిక్యం సంపాదించాడు. తరవాత ప్రమాదంలో ఆ ఆధిక్యం కాస్తా పోయింది, గెలుపు వెనక చక్రాల రెనో 5 టర్బో నడిపిన జాన్ రాన్యోటికి దక్కింది. కొద్ది వారాలకే స్వీడన్‌లో మిక్కోలా గెలిచాడు. 1981 నుంచి 1984 దాకా నాలుగేళ్లూ స్వీడన్ ర్యాలీ ఆడీదే. తారు రోడ్ల మీద సాగే మాంటే కార్లోలో మాత్రం 1981, 1982, 1983 మూడేళ్లూ వెనక చక్రాల కార్లే గెలిచాయి. 1982లో వాల్టర్ రోర్ల్ ఓపెల్ అస్కోనా 400తో అక్కడ నెగ్గడమే కాదు, ఆడీ నడిపిన మిషెల్ ముటోన్‌ను 109–97తో వెనక్కి నెట్టి ఆ ఏటి డ్రైవర్ల టైటిల్ కూడా పట్టుకుపోయాడు.

ఈ వైరుధ్యానికి జవాబు ఘర్షణలో ఉంది. పొడి తారు మీద ఘర్షణ గుణకం 0.8కి పైమాటే, తొక్కుడుపడ్డ మంచు మీద 0.2, 0.3 మించదు. గ్యాస్ పెడల్ నొక్కగానే కారు బరువు వెనక్కి ఒరుగుతుంది. తారు మీద ఆ ఒరుగుడు బలంగా ఉండి వెనక టైర్లను నేలకు అదుముతుంది, ఇంజను మధ్యలో ఉంటే ఆ లాభం ఇంకా ఎక్కువ. మంచు మీద వేగమే అందుకోలేని కారుకు బరువు ఒరిగేదెక్కడ? అప్పుడు ముందు చక్రాల మీదున్న సగం బరువు వెనక చక్రాల కారుకు ఊరికే మోసే భారం, నాలుగు చక్రాల కారుకు పనికొచ్చే పట్టు. ఇదంతా ముందుకు కదలడం గురించే. బ్రేకు వేస్తే ఏ కారుకైనా పనిచేసేవి నాలుగు చక్రాలే. చికాగోలోనో టొరంటోలోనో ఆల్ వీల్ డ్రైవ్ కొన్న ధీమాతో చలికాలం టైర్లు మార్చని మనవాళ్లు మంచులో కారు ఆగకపోతే ఆ బ్యాడ్జీని నిందించి లాభం లేదు.

క్వాట్రోకు ఇంకో లోపం ఉంది. ఐదు సిలిండర్ల ఇంజను ముందు ఇరుసుకు కూడా ముందే వేలాడేది. మలుపులో ముక్కు తిరగనని మొండికేసేది. సాబ్ కార్లతో ఎడమ కాలి బ్రేకు సాధన చేసి వచ్చిన స్టిగ్ బ్లోమ్‌క్విస్ట్ లాంటివాళ్లు గ్యాస్ వదలకుండానే బ్రేకు తొక్కి దాన్ని లొంగదీశారు. 037కు ఆ తిప్పలు లేవు. దాదాపు 960 కిలోల బరువు, మధ్యలో ఇంజను, టర్బో బదులు సూపర్‌చార్జర్ ఉండడంతో పెడల్‌కు తక్షణ స్పందన.

1983 మాంటే కార్లోలో రోర్ల్ లాన్సియాతో గెలిచాడు. లాన్సియా జట్టు అధినేత చేజరే ఫియోరియో దారిలో ఉప్పు చల్లించి మంచు కరిగించాడని ర్యాలీ లోకం నేటికీ చెప్పుకుంటుంది. నాకు మాత్రం ఆ ఉప్పు కంటే అతని క్యాలెండరే పెద్ద ఎత్తుగడ అనిపిస్తుంది. స్వీడన్‌కు లాన్సియా పోనేలేదు, అక్కడ మొదటి నాలుగు స్థానాలూ ఆడీలవే. మాంటే కార్లో, కోర్సికా, గ్రీసు, న్యూజీలాండ్, సాన్‌రెమో లాన్సియా ఖాతాలో పడ్డాయి. వీటిలో గ్రీసు, న్యూజీలాండ్ తారు రోడ్లు కావు. అంటే తేలిక కారుకు, రోర్ల్ చేతికి కూడా ఆ 118లో వాటా ఇవ్వాల్సిందే.

1984లో రోర్ల్ ఆడీకి మారాడు. ఆ ఏడు మాంటే కార్లోలో మంచు దండిగా పడింది. రోర్ల్, బ్లోమ్‌క్విస్ట్, మిక్కోలా, మూడు స్థానాలూ ఆడీవే. అదే ఏడు మధ్య ఇంజను, నాలుగు చక్రాల డ్రైవ్ కలిపిన ప్యూజో 205 టీ16 రంగంలోకి దిగి తరవాతి రెండేళ్ల తయారీదారుల టైటిళ్లు గెలుచుకుంది. 1985 నవంబరులో లాన్సియా కూడా నాలుగు చక్రాల డెల్టా ఎస్4ను దించింది. ఆ తరవాత రెండు చక్రాల డ్రైవ్ కారు ప్రపంచ ర్యాలీలో నెగ్గడం అరుదైపోయింది. 1999లో సిత్రోయెన్ క్సారా కాటలోనియాలో, కోర్సికాలో గెలిచింది. అది ముందు చక్రాల కారు, ఆ రెండూ తారు ర్యాలీలే. తయారీదారుల టైటిల్ గెలిచిన చివరి వెనక చక్రాల కారు నేటికీ లాన్సియా 037యే.