నాయన సైకిలు: గద్య లేని ప్రతి

కర్త పేరు తెలియని తాళపత్ర ప్రతి చేతికి వచ్చినప్పుడు మాబోటి వాళ్ళం మొదట ఆశ్వాసాంత గద్యను వెదకుతాము. అది శిథిలమై ఉంటే లిపినీ, పదాల వాడుకనూ ఆశ్రయించాలి. మా ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళ శాసనంలో సంవత్సరం లేదు. ఎరికల్ ముత్తురాజు ధనంజయుని పేరూ, అక్షరాల తీరూ చూసి పెద్దలు దానిని సుమారు క్రీ.శ. 575 నాటిదిగా నిర్ణయించారు. ఈ విద్యను ఒక పాత సైకిలు మీద ప్రయోగించవలసి వస్తుందని మాత్రం నేను ఏనాడూ అనుకోలేదు.

మా నాయన జమ్మలమడుగు దగ్గర పల్లెబడి అయ్యవారు. ఖద్దరు తప్ప కట్టి ఎరుగరు. 1950ల చివర ప్రొద్దుటూరులో పాతబండిగా కొన్న సైకిలు మీదనే బడికి పోయేవారు. అది అసన్‌సోల్‌లో చేసిన స్వదేశీ బండి అని చెప్పేవారు. అసంభవమేమీ కాదు. నాటింగ్‌హాం రాలీ కంపెనీతో కలిసి సెన్-రాలీ వారు అక్కడ కర్మాగారం నడిపారు. మద్రాసు అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ 1949 నుండి ఉన్నదే. అయితే మా అక్క మొదటినుండీ "అది సీమబండి" అనేది. (సీమ అంటే ఇంగ్లండు, మన రాయలసీమ కాదు సుమండీ!)

నాయన శతజయంతికి పులివెందులలోని మా తమ్ముడు చిన్న పుస్తకం వేయబూని, అందులో "స్వదేశీ సైకిలు" అని వ్రాశాడు. ఆ మాట ఉంటే పుస్తకం ముట్టనని అక్క. తీర్పు నా నెత్తిన పడింది.

బండిని ప్రొద్దుటూరులో ఒక ముసలి మేస్త్రీ దగ్గరకు చేర్చాను. ముందరి గొట్టం మీది పేరురేకు లేదు. ఎన్నిసార్లు రంగు పూశారో లెక్కలేదు. పెద్ద పళ్ళచక్రంలో మూడు కొంగతలలున్నవి. అది రాలీ వారి గుర్తు. తమ్ముడు అక్కడే సంబరపడ్డాడు. కాని చక్రం మార్చగలిగినది. ఒక ప్రతికి మరో ప్రతి అట్టలు కట్టినట్లే! సాక్ష్యం ఫ్రేములోనే ఉండాలి.

మేస్త్రీ నిలువు గొట్టం మీది రంగును మెల్లగా గీకగా బంగారువన్నె అక్షరాలు కొన్ని బయటపడినవి: "ఇంగ్‌హాం, ఇంగ్లండ్". దేశం తేలింది, ఊరు తేలలేదు. బర్మింగ్‌హాం కావచ్చు, అక్కడ హెర్క్యులస్, బి.ఎస్.ఏ.లు ఉండేవి. నాటింగ్‌హాం కావచ్చు. ముందరి అక్షరాలు చెదలు తిన్న పత్రంలా పోయినవి.

అప్పుడు పెడల్ ఇరుసు కప్పు విప్పించాను. ఇటలీలో ఒకరి పనిశాలలో చేసిన ఫ్రేములు మరొకరి పేరుతో అమ్ముడుపోయేవి. అక్కడి పేరులేని ఫ్రేములను పరీక్షించేవారు కూడ ముందు చూసేది ఈ మరలనే. ఇటలీ పద్ధతిలో గుల్ల 36 మిల్లీమీటర్లు, రెండు వైపులా కుడిమరే. ఇంగ్లీషు పద్ధతిలో చైను వైపు ఎడమమర, అంగుళానికి 24 చుట్లు. రాలీ వారు మాత్రం 26 చుట్లు పెట్టుకొన్నారు. కప్పు మీద స్కేలు ఆనించి అర అంగుళం లెక్కపెట్టాను. పదమూడు. మళ్ళీ లెక్కపెట్టాను. పదమూడే. పన్నెండు వస్తే బర్మింగ్‌హాం అనేవాణ్ణి. ఇది నాటింగ్‌హాం.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మేస్త్రీ ముందరి గొట్టాన్ని కూడ గీకి, "అయివోరూ, ఇది చూడండి" అన్నాడు. పేరురేకు బిగించిన రెండు రంధ్రాలు సీసంతో పూడ్చి, నున్నగా ఆకురాయి పట్టి ఉన్నవి. తొలిసారి వేసిన నల్లరంగు దాని మీదనే ఉంది. రేకు తనంత తాను ఊడితే ఎవరూ ఇంత శ్రద్ధగా పూడ్చరు. ఏటేటా సంక్రాంతికి ముందు ఆ రంగు పూసినది నాయనే. నేను డబ్బా పట్టుకొనేవాణ్ణి.

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు.

ఆ రాత్రి అక్కకు ఫోను చేశాను. "ఆ రేకు నా పలకసంచిలో ఉండేది లేరా. ఆడుకొమ్మని ఇచ్చి, ఎవరికీ చెప్పొద్దన్నాడు నాయన. రెండో చేతి బండి కాబట్టి సరిపోయిందమ్మా, సీమోళ్ళకు మన రూపాయి పోలేదు, అన్నాడు" అంది.

పుస్తకంలో ఇప్పుడు "ప్రొద్దుటూరులో కొన్న పాత సైకిలు" అని ఉంది.