బీమా కంపెనీ పెట్టిన రేడియో

బీమా ఆఫీసులో ముప్ఫయి మూడేళ్ళు పని చేసినవాణ్ణి. అందుకే అమెరికాలోని నాష్‌విల్ రేడియో కేంద్రం డబ్ల్యు.ఎస్.ఎమ్. కథ నాకు మన ఇంటి కథలా అనిపించింది. 1925 అక్టోబరు 5న దాన్ని ప్రారంభించింది నేషనల్ లైఫ్ అండ్ యాక్సిడెంట్ ఇన్సూరెన్స్ కంపెనీ. 'వియ్ షీల్డ్ మిలియన్స్' అనే కంపెనీ నినాదంలోని మొదటి అక్షరాలే కేంద్రానికి పేరయ్యాయి.

ఆ నవంబరు 28న జిమ్మీ థాంప్సన్ అనే వృద్ధుడు మైకు ముందు ఫిడేలు వాయించాడు. కంట్రీ మ్యూజిక్ అనే వాళ్ళ పల్లెపాటల కార్యక్రమం అలా మొదలైంది. ఊళ్ళోని పెద్దమనుషులు ముఖం చిట్లించారు. ఏజెంట్లకు మాత్రం పంట పండింది. తలుపు తట్టి ఆ కార్యక్రమం పేరు చెబితే లోపలికి రమ్మనేవారట. మనం సైకిళ్ళ మీద తిరిగిన రోజుల్లో అలాంటి పేరొకటి ఉంటేనా!

1927లో వ్యాఖ్యాత జార్జ్ హే, అంతకు ముందు ప్రసారమైన శాస్త్రీయ సంగీతాన్ని హాస్యమాడుతూ దీనికి 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' అని పేరు పెట్టాడు. ఆ రాత్రి మౌతార్గాన్ మీద రైలు పరుగు వినిపించినవాడు డీఫోర్డ్ బెయిలీ, నల్లజాతి కళాకారుడు. 1932లో కేంద్రం శక్తి 50,000 వాట్లకు పెరిగింది. బెయిలీ పేరు దూరదూరాలకు పాకింది.

1941లో ఆయన్ని తీసేశారు. పాటల హక్కుల తగాదాలో పాత బాణీలు వాయించే వీలు లేకపోయింది. కొత్తవి నేర్చుకోని సోమరి అని పైగా నింద! పదిహేనేళ్ళ సర్వీసు అది. ఆ తర్వాత బూటు పాలిషు దుకాణమే ఆధారం.

2002లో యాజమాన్యం పాటలు ఆపి క్రీడా ప్రసారాలకు మారాలని చూస్తే, శ్రోతలు గొడవ చేసి ఆపించారు. 1941లో బెయిలీ కోసం అలా ఎవరూ నిలబడలేదు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేరింది 2005లో. ఆయన పోయి అప్పటికి 23 ఏళ్ళు.