పెళ్ళిగౌను మీద ఎర్ర రంగు

దొరసానుల పెళ్ళి అనగానే మన కళ్ళముందు మెదిలేది తెల్లగౌను. అదేదో అనాదిగా వస్తున్న ఆచారమనుకుంటాం గానీ, ఆ ఆచారానికి నిండా రెండువందల ఏళ్ళు లేవు. 1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి తెల్లపట్టు గౌను తొడుక్కుని పెళ్ళాడింది. అంతకుముందు తెలుపు వేసుకున్నవాళ్ళు లేకపోలేదు. కానీ మామూలు ఇళ్ళల్లో పెళ్ళికూతురు ఉన్నవాటిల్లోకి మంచి గౌను, ఏ రంగుదైనా సరే, వేసుకునేది. పెళ్ళయ్యాక ఆదివారం చర్చికీ అదే, చుట్టాలింటికీ అదే. రాణీగారిని చూసి కలిగినవాళ్ళు, వాళ్ళని చూసి మిగతావాళ్ళు తెలుపుకి దిగారు. మరి తెల్లగౌను వేసుకుని బజారుకెళ్ళగలమా? అలా అది ఒక్కరోజు బట్ట అయి కూచుంది.

రాణీగారి గౌనుకి వేసిన లేసుని డెవన్ ప్రాంతంలో రెండువందలమందికి పైగా ఆడవాళ్ళు నెలల తరబడి చేత్తో అల్లారు. పని కాగానే ఆ లేసు నమూనాలు నాశనం చేసేశారు, ఇంకెవరూ అలాంటిది అల్లించుకోకూడదని! మహారాణి కదా, ఆమాత్రం ఉంటుంది లెండి. కానీ ఆ లేసుని మాత్రం ఆవిడ పెట్టెలో పెట్టి మరిచిపోలేదు. వేడుకలకు తీసి వాడుకుంటూనే ఉంది. కడగొట్టు కూతురు బియాట్రిస్ 1885లో పెళ్ళాడితే ఆ పిల్లకి ఇచ్చింది. 1897 వజ్రోత్సవానికి విడుదలైన ఫొటోలో ముసలి రాణి తలమీదున్నది పెళ్ళినాటి మేలిముసుగే. 1901లో పోయినప్పుడు దాంతోనే సాగనంపారు.

తెల్లగౌను ఒకరి ఒంటిమీంచి ఇంకొకరి ఒంటిమీదికి ఎంత హాయిగా వెళ్ళగలదో రెండో ప్రపంచయుద్ధంలో తెలిసింది. ఇంగ్లండులో 1941 నుంచి 1949 దాకా బట్టలకి రేషను. కూపన్లు లేకపోతే గౌను లేదు. అప్పుడు బార్బరా కార్ట్‌లాండ్ (అద్దె పుస్తకాల షాపుల్లో ఆవిడ ప్రేమనవలలు మనలో చాలామందికి పరిచయమే) వాడిన పెళ్ళిగౌన్లు సేకరించి, సైన్యంలో పనిచేసే అమ్మాయిలకు పెళ్ళిరోజుకి ఇప్పించింది. యుద్ధం ముగిసేసరికి అవి దాదాపు వెయ్యి అయ్యాయట. ఒకే గౌను ఎంతమంది పెళ్ళిళ్ళు చూసిందో! నాకైతే ఆవిడ నవలలన్నింటికన్నా ఈ పనే నచ్చింది.

ఇక అమెరికాకి వద్దాం. 1945లో ప్రిసిల్లా కిడర్ అనే ఆవిడ బోస్టన్‌లో పెళ్ళిగౌన్ల దుకాణం పెట్టింది. పేరు ‘ప్రిసిల్లా ఆఫ్ బోస్టన్’. అధ్యక్షుడు జాన్సన్ కూతురు లూసీకి 1966లో, నిక్సన్ కూతుళ్ళు జూలీకి 1968లో, ట్రీషాకి 1971లో పెళ్ళిగౌన్లు ఆ సంస్థవే. అదే ఊళ్ళో ఫైలీన్స్ బేస్‌మెంట్ అనే చవకల అంగడి 1947లో మిగిలిపోయిన పెళ్ళిగౌన్లు తక్కువ ధరకి అమ్మడం మొదలెట్టింది. తర్వాత్తర్వాత అదొక తిరునాళ్ళయింది. తలుపులు తియ్యడం ఆలస్యం, తల్లులూ కూతుళ్ళూ స్నేహితురాళ్ళూ లోపలికి పరుగో పరుగు. నిమిషంలో స్టాండ్లన్నీ ఖాళీ. సిగ్గూ బిడియమూ పక్కన పెట్టి అక్కడికక్కడే తొడిగి చూసుకునేవారు. మనం ఆషాఢం సేల్ అంటే పడే తోపులాట దీని ముందు ఏపాటి!

రెండూ 2011 చివర్లోనే మూతపడ్డాయి. ప్రిసిల్లా దుకాణాలు అప్పటికి డేవిడ్స్ బ్రైడల్ అనే పెద్ద కంపెనీ చేతిలో ఉన్నాయి. మిన్నెసోటా రాష్ట్రం ఈడైనాలోని దుకాణం మూసేస్తూ, మిగిలిన తెల్లగౌన్లమీద సిబ్బంది ఎర్ర రంగు చల్లి చెత్త తొట్టిలో పడేశారు. ఎవరో వీడియో తియ్యబట్టి లోకానికి తెలిసింది. దానం ఇవ్వచ్చుగా అని చూసినవాళ్ళంతా మండిపడ్డారు.

ఖరీదైన బట్టల వ్యాపారంలో ఇదేం కొత్త కాదు. ఊరికే ఇచ్చిన గౌను రేపు ఎవరో సగం ధరకి అమ్ముకుంటారనీ, వేలు పోసి కొన్నావిడ చిన్నబుచ్చుకుంటుందనీ, తమ పేరు పలచనవుతుందనీ వాళ్ళ భయం. రాణీగారి కాలంలో నమూనా పోయి లేసు మిగిలితే, ఇక్కడ తిరగబడింది. ప్రిసిల్లా సంస్థ కాగితాలు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో భద్రంగానే ఉన్నాయి మరి!

2018లో బర్బరీ అనే బ్రిటిష్ కంపెనీ ఒక్క ఏడాదిలో రెండుకోట్ల ఎనభై లక్షల పౌన్లకు పైగా విలువైన సరుకు ధ్వంసం చేసిందని బయటపడి గొడవైతే, ఇక చెయ్యమంది. ఫ్రాన్సు 2020లో చట్టం చేసి, అమ్ముడుపోని బట్టల్ని తగలబెట్టడం, పారెయ్యడం 2022 నుంచి నిషేధించింది. యూరపు దేశాల సమాఖ్య 2024లో అలాంటిదే చేసి, పెద్ద కంపెనీలకి 2026 జూలై గడువు పెట్టింది. అమెరికాలో దేశమంతటికీ అలాంటి చట్టం లేదు. అక్కడ ఇవ్వడం, చింపడం దుకాణం వాళ్ళ ఇష్టం.