హిరోషిమా వసతిగృహంలో మలయా విద్యార్థులు

జపాన్ పేరు చెప్పగానే మలేషియాలోని మన తెలుగు కుటుంబాలలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. పెద్దల నోట వచ్చిన మాట ఒకటి. అది “జపానువాడి కాలం”: అన్నానికి బదులు కర్రపెండలం తిన్న రోజులు, విలువలేని అరటిచెట్టు బొమ్మ నోట్లు, సయాం రైలుదారి పనికి వెళ్ళి తిరిగిరాని మగవాళ్ళు. ఇక ఇప్పటి పిల్లల మాట వేరు. వారికి జపాన్ అంటే మంచి చదువు, శుభ్రమైన వీధులు, వేళ తప్పని రైళ్ళు. ఒకే దేశం గురించి ఒకే ఇంట్లో ఇంత తేడా ఎలా వచ్చింది? దీనికి జవాబు వెతికేవారు తెలుసుకోదగిన చిన్న చరిత్ర ఒకటి ఉంది. యుద్ధం జరుగుతున్న రోజులలోనే మలయా నుండి జపాన్‌కు చదువుకోవడానికి వెళ్ళిన కొద్దిమంది యువకుల చరిత్ర అది.

1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం కెలంతాన్ రాష్ట్రంలోని కోత బారు ఒడ్డున దిగింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. ఆ ఊరికి ‘షోనాన్’ అని కొత్త పేరు పెట్టారు. మన గడియారాలను టోక్యో సమయానికి తిప్పారు. బడులలో పిల్లలకు నిప్పోన్ భాష చెప్పారు. ఆసియా ఆసియావారిదే అన్నది అప్పటి నినాదం. ఆ నినాదాన్ని నమ్మి పరిపాలన నడపగల యువకులు కావాలని జపాన్ ప్రభుత్వం 1943లో ఒక జట్టును, 1944లో మరొక జట్టును తమ దేశానికి చదువుకు పిలిపించింది. మలయా, సుమత్రా, జావా, బర్మా, ఫిలిప్పీన్సు, బోర్నియో మొదలైన చోట్ల నుండి మొత్తం సుమారు 200 మంది వెళ్ళారు. వారిని ‘నన్పో తొకుబెత్సు ర్యూగకుసేయ్’ అన్నారు. దక్షిణ ప్రాంతాల ప్రత్యేక విద్యార్థులు అని దాని అర్థం. ఈనాడు మనం చెప్పుకునే విద్యార్థుల మార్పిడి వంటిది కాదు ఇది. రాకపోకలు ఒకవైపే సాగాయి.

మలయా నుండి వెళ్ళినవారు ప్రధానంగా మలాయి కుటుంబాల యువకులు. రబ్బరు తోటలలో పాలు గీసుకొని బ్రతికే మనవారి నుండి జపాన్ కోరినది వేరు. 1942, 1943 సంవత్సరాలలో సయాం, బర్మాల మధ్య 415 కిలోమీటర్ల రైలుదారి వేయడానికి మలయా నుండి 70,000కు పైగా కూలీలను తీసుకుపోయారు. వారిలో ఎక్కువమంది తోటల తమిళులు. వారితో పాటు తెలుగువారూ ఉన్నారు. విష జ్వరాలకు, కలరాకు, ఆకలికి వేలాదిమంది ఆ అడవులలోనే పోయారు. నేతాజీ సుభాష్ చంద్రబోసు మాత్రం 1944లో సుమారు 45 మంది భారతీయ యువకులను టోక్యోకు సైనిక విద్య కోసం పంపారు. ఒకే నినాదం క్రింద ఒకరికి పలక, మరొకరికి పలుగు దక్కింది. ఈ సంగతి మరచిపోయి ఆ విద్యార్థుల కథ చెప్పుకోవడం న్యాయం కాదు.

టోక్యో చేరినవారిని మొదట ‘కొకుసాయి గకుయూకాయి’ అనే విదేశీ విద్యార్థుల సంస్థలో ఉంచారు. 1935లో ఏర్పడిన ఆ సంస్థ వారికి జపాను భాష నేర్పింది. రెండు రకాల అక్షరమాలలు, వాటిపైన చైనా నుండి వచ్చిన వందలాది బొమ్మలవంటి అక్షరాలు! సాయంకాలపు తరగతులలో మన ఒత్తులు, గుణింతాలు చూసి బెదిరే పిల్లలు ఈ మాట జ్ఞాపకం ఉంచుకోవాలి. వాక్యనిర్మాణం మాత్రం తెలుగువారికి పరిచయమైనదే. ‘వతాషి వ గొహన్ ఒ తబెమసు’ అంటే ‘నేను అన్నం తింటాను’. పదాల వరుస మనదే, క్రియ చివరకే వస్తుంది. ‘టోక్యో ఎ’ అంటే ‘టోక్యోకు’. మలాయిలో ‘సాయ మకాన్ నాసి’ అని క్రియ మధ్యలో వస్తుంది కనుక ఆ యువకులు వాక్యాన్ని తిరగవేసి ఆలోచించవలసి వచ్చేది. మరొక విశేషం: ‘గొహన్’ అంటే వండిన అన్నం, భోజనం కూడా. “అన్నం తిన్నావా?” అని మనం అడిగే మాటలో ఉన్న రెండర్థాలే అవి.

ఆ అన్నమే అప్పుడు కరువు. టోక్యో వంటి పెద్ద నగరాలలో 1941 నుండి బియ్యం రేషను. పెద్దవారికి రోజుకు 330 గ్రాములు. యుద్ధం ముదిరినకొద్దీ ఆ లెక్కలోనే చిలగడదుంపలు, సోయా గింజలు కలిపి ఇచ్చేవారు. చలి అంటే ఎరుగని మన దేశపు పిల్లలు నిప్పుల కుంపటి దగ్గర చేతులు కాచుకొని చదివారు. గడప దగ్గర చెప్పులు విడవడం, నేలమీద కూర్చొని తినడం వారికి కొత్త కాదు. బయట ఒళ్ళు రుద్దుకొని శుభ్రమయ్యాక పదిమందితో కలిసి వేడినీటి తొట్టిలో దిగే స్నానం మాత్రం మొదట సిగ్గు కలిగించేదే. ముస్లిం యువకులకు తిండి విషయంలో మరొక జాగ్రత్త కూడా అవసరమయ్యేది.

భాష వచ్చిన తరువాత వారిని వేరువేరు ఊళ్ళ కళాశాలలకు పంపారు. కొందరికి వైద్యం, కొందరికి వ్యవసాయం, కొందరికి ఉపాధ్యాయ విద్య. హిరోషిమాకు వెళ్ళినవారిలో మలయావారు ముగ్గురు: కెలంతాన్‌కు చెందిన నిక్ యూసఫ్, జొహోర్‌కు చెందిన సయ్యద్ ఒమర్, పెనాంగ్‌కు చెందిన అబ్దుల్ రజాక్. ఇండోనేషియా, బ్రూనై విద్యార్థులతో కలిసి మోతోయాసు నది ఒడ్డున ‘కోనాన్ ర్యో’ అనే చెక్క వసతిగృహంలో ఉండేవారు.

1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకు ఆ నగరం మీద అణుబాంబు పేలింది. వసతిగృహం అక్కడికి సుమారు 900 మీటర్ల దూరం. అది కూలి కాలిపోయింది. రజాక్ ఆ సమయంలో విశ్వవిద్యాలయంలో పాఠం వింటున్నాడు. భవనం మీద పడినా శిథిలాల నుండి బయటపడ్డాడు. బ్రతికిన విదేశీ విద్యార్థులు విశ్వవిద్యాలయపు ఆవరణలో జపాను ప్రజలతో కలిసి కొన్ని రోజులు ఆరుబయట గడిపారు. గాయపడినవారికి సాయపడ్డారు, దొరికినది పంచుకు తిన్నారు. ఏలేవాడు, ఏలబడేవాడు అన్న తేడా ఆ ఆవరణలో మిగలలేదు.

నిక్ యూసఫ్ నగరానికి పడమట ఉన్న ఇత్సుకైచిలో మరణించాడు. ఆయన సమాధి అక్కడి కోజెన్‌జి అనే బౌద్ధాలయంలో ఉంది. సయ్యద్ ఒమర్ మొదట కోలుకున్నట్లే కనిపించి, టోక్యోకు వెళ్ళే దారిలో జబ్బుపడి క్యోటోలో దిగవలసి వచ్చింది. అక్కడి ఆసుపత్రిలో ఒక యువ వైద్యుడు తన రక్తమే తీసి ఎక్కించాడు. అయినా సెప్టెంబరు 3న ఒమర్ కన్నుమూశాడు. ఆయన సమాధి క్యోటోలోని ఎన్కోజి అనే బౌద్ధాలయంలో ఉంది. మన దేశపు ముస్లిం బిడ్డల సమాధులను పరాయి దేశంలో బౌద్ధులు తరతరాలుగా చూసుకుంటున్నారు. దీనిని ఏ ప్రభుత్వమూ ఆజ్ఞాపించలేదు.

బ్రతికినవారు తమ దేశాలకు పనికివచ్చారు. బ్రూనైకి చెందిన పెంగిరన్ యూసఫ్ ఆ దేశపు జాతీయగీతానికి మాటలు వ్రాశాడు, తరువాత అక్కడ ముఖ్యమంత్రి పదవి నిర్వహించాడు. ఇండోనేషియాకు చెందిన అరిఫిన్ బే ఆచార్యుడయ్యాడు. మన అబ్దుల్ రజాక్ ఉపాధ్యాయుడయ్యాడు. మారా సాంకేతిక విద్యాసంస్థలో జపాను భాష బోధించాడు. 1982లో డాక్టర్ మహతీర్ ప్రభుత్వం ‘తూర్పు వైపు చూపు’ విధానం ప్రకటించి యువకులను జపాన్‌కు పంపసాగినప్పుడు, వారిని సిద్ధం చేసినవారిలో ఆయన ముఖ్యుడు. ఆయన అనుభవం ‘డెబు హిరోషిమా’ అనే మలాయి పుస్తకంగా వెలువడింది. 2013లో, 88వ ఏట మరణించాడు. బాంబు పడ్డ ఊళ్ళో నేర్చుకున్న భాషను ఆయన విడిచిపెట్టలేదు. ఒక తోటి ఉపాధ్యాయునిగా నాకు అన్నిటికంటె గొప్పగా తోచేది ఇదే.

ఈ చరిత్రనుండి మన కుటుంబాలు తీసుకోవలసినది ఏమిటి? జపాను సైన్యం చేసిన అన్యాయాన్ని తుడిచివేయనక్కరలేదు. రైలుదారిలో పోయిన మనవారికి అది ద్రోహమే అవుతుంది. అలాగని తన రక్తమిచ్చిన వైద్యుణ్ణి, సమాధికి నీళ్ళుపోసే చేతులను ఆ సైన్యంతో కలిపి లెక్క కట్టనూ రాదు. పిల్లలకు రెండూ చెప్పాలి, చెప్పి జపాన్‌కు పంపాలి. ఒమర్ పేరు, యూసఫ్ పేరు రాతిమీద ఉన్నాయి, వెళ్ళినవారు చదివి రావచ్చు. సయాం రైలుదారిలో పోయిన మన తాతల పేర్లు చాలావరకు ఎక్కడా లేవు. వాటిని జ్ఞాపకం ఉంచుకొన్న పెద్దలు ఇంకా ఒకరిద్దరైనా మన ఇళ్ళలో ఉంటారు. ఈ ఉత్సవం ముగిసి ఇంటికి వెళ్ళిన తరువాత వారి ప్రక్కన కూర్చొని, పేరు, తోట, వెళ్ళిన సంవత్సరం ఒక నోటుపుస్తకంలో తెలుగులో వ్రాసిపెట్టమని మన యువతీయువకులకు నా మనవి.