పారబోయని నీలం

ప్రయోగశాలలో మీరు అనుకున్నది కాక మరేదో పదార్థం తయారైందనుకోండి. ఏం చేస్తారు? బహుశా సింకులో పారబోసి, మాస్టారు చూడకముందే మళ్లీ మొదలుపెడతారు. నేనైనా అంతే. 1960లలో అమెరికాలోని హార్వర్డ్‌లో ఆర్.బి. వుడ్‌వర్డ్ బృందం మాత్రం అలా చేయలేదు.

వాళ్లు తయారుచేయబూనింది బి12 విటమిన్. మన రక్తంలోని హీమ్‌కు ఆధారమైన పార్ఫిరిన్ వలయంలో నాలుగు పైరోల్ ముక్కలు, వాటిని కలిపే నాలుగు కార్బన్ వంతెనలు ఉంటాయి. బి12లోని వలయం దీనికి చుట్టమే. కాకపోతే అందులో ఒకచోట వంతెన లేకుండా రెండు ముక్కలు నేరుగా అతుక్కుని ఉంటాయి. ఆ అతుకు కోసం తంటాలు పడుతుంటే, ఐదు పైరోళ్లున్న పెద్ద వలయం తయారై కూర్చుంది! ముదురు నీలి స్ఫటికాలు. నీలమణి పేరు మీదుగా దాన్ని 'శాఫిరిన్' అన్నారు. 1966లో ఈ సంగతి బయటపెట్టారు. పార్ఫిరిన్‌లో వలయం చుట్టూ తిరిగే పై ఎలక్ట్రాన్లు 18 అయితే, ఇందులో 22. ఈ దారి పొడవైన కొద్దీ అణువు పీల్చుకునే కాంతి ఎరుపు వైపు జరుగుతుంది.

బి12 సంశ్లేషణ 1972లో పూర్తయింది. శాఫిరిన్ పూర్తి వివరాలు అచ్చుకావడానికి 1983 దాకా పట్టింది.

తర్వాతి కథ టెక్సాస్‌లో జరిగింది. పార్ఫిరిన్ నడిమి ఖాళీలో ధనావేశమున్న లోహ అయాన్లు ఇముడుతాయి కదా. 1990లో జొనాథన్ సెస్లర్ బృందం ఒక శాఫిరిన్ లవణాన్ని ఎక్స్-కిరణాలతో పరిశీలిస్తే, నడిమధ్యన రుణావేశమున్న ఫ్లోరైడ్ కనిపించింది. దాన్ని అక్కడ ఎవరూ ఊహించలేదు. విద్యార్థిదశలో క్యాన్సర్ బారినపడి కోలుకున్న సెస్లర్, ఐదు నైట్రోజన్లున్న 'టెక్సాఫిరిన్' అనే మరో వలయంలో గెడోలినియం లోహాన్ని ఇమిడ్చి క్యాన్సర్ మందుగా ప్రయత్నించాడు. అది రోగులపై పరీక్షల దాకా వెళ్లింది. కానీ 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి నిరాకరించింది.

వుడ్‌వర్డ్ బృందానికి మరో వలయం కూడా దొరికింది. అందులో ఐదు పైరోళ్లకు మూడే వంతెనలు. దాని పేరు స్మరాగ్డిరిన్. మన 'మరకతం', గ్రీకుల 'స్మరాగ్డోస్' ఒకే కుదురు మాటలు. ఈ మరకతంతో చిక్కేమంటే, అది నిలవదు, తేలిగ్గా విచ్ఛిన్నమవుతుంది. కాన్పూర్ ఐఐటీలో టి.కె. చంద్రశేఖర్ బృందం పెద్ద వలయాల్లో నైట్రోజన్‌కు బదులు ఆక్సిజన్, గంధకం, సెలీనియం పెట్టి చూస్తూ వచ్చింది. పరమాణువు మారితే వలయం ఆకారం, పీల్చుకునే కాంతి, పట్టుకునే అయాన్లు కూడా మారతాయి. స్మరాగ్డిరిన్‌లో ఒక పైరోల్‌ను తీసి, ఆక్సిజన్ ఉండే ఫ్యూరాన్ ముక్కను పెట్టి 1999లో ప్రకటించారు. ఆ వలయం చెదరకుండా నిలిచింది.