మందకు తాపితే సగం పనే: కాపలా కుక్కకూ నట్టల మందు వేయాలి

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో వేరుశనగ చేతికి రాని ఏడాది ఇంటిని నిలబెట్టేవి జీవాలే. అందుకే నట్టల మందు విషయంలో మన కాపరులు వెనుకాడరు. అయినా కొన్ని మందల్లో మందు తాపిన కొన్ని నెలలకే పిల్లలు చిక్కిపోవడం, ఒకటి రెండు జీవాలు తల వంచి గుండ్రంగా తిరుగుతూ చనిపోవడం చూస్తుంటాం. మంద వెంట ఉండే కుక్కకు మందు వేయకపోవడం, మోతాదు తక్కువ పోయడం, కాలం చూడకుండా తాపడం దీనికి ముఖ్య కారణాలు. వీటిని ఎలా సరిచేసుకోవాలో తెలుసుకుందాం.

కరువు నేలలో నట్టలు ఎలా వస్తాయి?

మన దగ్గర ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. ఇంత పొడి నేలలో నట్టలు ఉండవనుకోవడం పొరపాటు. మేత, నీరు తక్కువ కాబట్టి మందలన్నీ ఒకే కుంట చుట్టూ, ఒకే వంక గట్టున చేరతాయి. ఒక మంద పెంటికలతో పడిన గుడ్లు మరో మంద మేతలోకి వెళ్తాయి.

1. రక్తం పీల్చే కడుపు నట్టలు: జీవాలకు అన్నింటికంటే ఎక్కువ నష్టం వీటితోనే. ఒక ఆడ నట్ట రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. ఒక్కో నట్ట రోజుకు సుమారు 0.05 మి.లీ. రక్తం పీలుస్తుంది. ఒక గొర్రె కడుపులో 5,000 నట్టలుంటే రోజుకు పావు లీటరు రక్తం పోయినట్లే. తడి, వేడి ఉంటే గుడ్డు నుంచి వారం రోజుల్లోనే అంటుకునే దశ పిల్ల తయారవుతుంది.

2. బద్దె పురుగులు: 2 నుంచి 6 నెలల పిల్లల్లో ఎక్కువ. పెంటికల మీద తెల్లటి బియ్యపు గింజల్లాంటి ముక్కలు కనిపిస్తాయి.

3. కార్జపు జలగలు, పొట్ట జలగలు: నీటి నత్తల ద్వారా వస్తాయి. వేసవిలో తుంగభద్ర కాలువ కింది వరి పొలాలకు వలస వెళ్లే మందలకు, ఎండుతున్న చెరువు అంచున మేసే పశువులకు వీటి బెడద ఎక్కువ.

కుక్క ద్వారా వచ్చే రెండు జబ్బులు

గొర్రె మెదడులో నీటి బుడగ ఉందనుకోండి. ఆ జీవాన్ని కోసి తలను కుక్కకు వేస్తే, సుమారు ఆరు వారాల్లో కుక్క పేగుల్లో బద్దె పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు కుక్క మలంతో బీడు మీద పడతాయి. ఆ గడ్డి మేసిన పిల్ల మెదడులో మళ్లీ బుడగ పెరుగుతుంది. కొన్ని నెలల తర్వాత ఆ జీవం ఒకే వైపు గుండ్రంగా తిరుగుతుంది, ఒక కంటి చూపు పోతుంది, మంద నుంచి విడిపోతుంది. దీన్నే తిరుగుడు జబ్బు అంటాం. ఈ దశలో ఎంత నట్టల మందు తాపినా ఫలితం ఉండదు. లిస్టీరియా అనే సూక్ష్మజీవి వల్ల కూడా జీవాలు ఇలాగే తిరుగుతాయి. కాబట్టి జ్వరం ఉంటే వెంటనే పశువైద్యునికి చూపించండి.

రెండోది హైడాటిడ్ తిత్తి. గొర్రె, మేక, పశువు కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీళ్ల సంచుల్లా కనిపిస్తుంది. వాటిని తిన్న కుక్క మలంలోంచి గుడ్లు బయటికి వస్తాయి. కుక్క వెంట్రుకలకు అంటిన గుడ్లు చేతుల ద్వారా, కడగని కూరగాయల ద్వారా మన కడుపులోకి చేరితే మన కార్జంలోనూ ఊపిరితిత్తుల్లోనూ అవే తిత్తులు పెరుగుతాయి. ఏళ్ల తరబడి తెలియదు. తెలిసేసరికి చాలామందికి ఆపరేషనే దిక్కవుతుంది. దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కుక్కతో ఆడుకునే పిల్లలున్న ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

గుర్తించడం ఎలా?

• దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడటం
• కనురెప్ప లోపలి పొర, చిగుళ్లు తెల్లగా పాలిపోవడం
• మేత తింటున్నా చిక్కిపోవడం, ఉన్ని రాలడం, పారుడు
• పిల్లల కడుపు ఉబ్బి కాళ్లు సన్నబడటం

రక్తం పీల్చే నట్టలు ఉన్నా పారుడు లేకపోవచ్చు. పెంటికలు గట్టిగా ఉన్నాయని ఊరుకోకండి. కనురెప్ప కిందికి లాగి చూడటమే మంచి పద్ధతి. దక్షిణాఫ్రికాలో ఇందుకోసం ఫమాచా అనే రంగుల పట్టికను తయారు చేశారు. ఎర్రగా ఉంటే మందు అవసరం లేదు, తెల్లగా ఉంటే ఆలస్యం చేయకూడదు, మధ్య రంగులో ఉంటే పిల్లలకు, చూడి గొర్రెలకు వేయాలి. నెలకోసారి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి ఇలా చూసుకుంటే చాలు.

ఎప్పుడు తాపాలి?

• మే చివర లేదా జూన్ మొదట్లో, తొలకరికి ముందు: మంద మొత్తానికి
• ఆగస్టు–సెప్టెంబరులో: మంద మొత్తానికి. కొత్త గడ్డి మీద నట్టల పిల్లలు ఎక్కువగా ఉండే కాలమిది
• డిసెంబరు–జనవరిలో: వానలు ఆగాక, జలగలకు కూడా పనిచేసే మందు
• వలస మందలకు: కాలువ ప్రాంతం నుంచి తిరిగి వచ్చాక మరోసారి

మధ్య నెలల్లో కనురెప్ప పాలిపోయిన జీవాలకే తాపండి. ప్రతి నెలా అన్నిటికీ తాపితే మందుకు లొంగని నట్టలే మిగిలి పెరుగుతాయి. టీకాలు వేయించాలంటే రెండు వారాల ముందే నట్టల మందు పూర్తి చేయండి.

ఏ మందు, ఎంత?

ముందుగా పశువైద్యుని సలహా తీసుకోండి. కింది మోతాదులు కిలో శరీర బరువుకు.

• ఆల్బెండజోల్: గొర్రెలకు 5 నుంచి 7.5 మి.గ్రా. 2.5 శాతం ద్రావణంలో మి.లీ.కు 25 మి.గ్రా. మందు ఉంటుంది. 7.5 మి.గ్రా. చొప్పున లెక్కేస్తే 20 కిలోల గొర్రెకు 6 మి.లీ., 30 కిలోల గొర్రెకు 9 మి.లీ. సీసా మీద శాతం వేరుగా ఉంటే లెక్క మారుతుంది. చూలు కట్టిన మొదటి నెలన్నర రోజుల్లో ఇవ్వకూడదు, పిల్ల అవకరంతో పుట్టవచ్చు.
• ఫెన్‌బెండజోల్: 5 మి.గ్రా. చూడి జీవాలకు దీన్ని వాడుకోవచ్చు.
• లెవామిసోల్: 7.5 మి.గ్రా. బద్దె పురుగులకు, జలగలకు పనిచేయదు. మోతాదు మించితే ప్రమాదం.
• క్లోసాంటెల్: 10 మి.గ్రా. రక్తం పీల్చే నట్టలకు, జలగలకు. మోతాదు మించితే చూపు పోతుంది.
• ఆక్సిక్లోజనైడ్: 15 మి.గ్రా. పెరిగిన జలగలకు.

ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. సీసా పేరు మారినంత మాత్రాన మందు మారినట్లు కాదు. ఒక కుటుంబం మందును ఏడాది వాడి, మరుసటి ఏడాది వేరే కుటుంబం మందుకు మారండి. మేకలకు గొర్రెల మోతాదు చాలకపోవచ్చు, డాక్టరును అడిగి వేయండి.

గేదె, ఆవు దూడలకు పుట్టిన పదో రోజున ఏలిక పాముల మందు మొదటిసారి వేయాలి. ఈ పాములు తల్లి పాల ద్వారానే దూడకు వస్తాయి. ఆరు నెలల వరకు నెలకోసారి, తర్వాత ఏడాదికి రెండు మూడు సార్లు వేయాలి. పాడి పశువుకు మందు వేశాక లేబుల్ మీద రాసిన రోజులు పాలు అమ్మకండి, వాడకండి.

కుక్కకు ఇలా వేయండి

• బద్దె పురుగులకు ప్రాజిక్వాంటెల్ కిలో బరువుకు 5 మి.గ్రా. అంటే 10 కిలోల కుక్కకు 50 మి.గ్రా. ఏలిక పాములు, కొంకి పురుగులు కూడా పోవాలంటే పైరాంటెల్ కలిసిన మాత్ర అడగండి.
• కనీసం మూడు నెలలకోసారి వేయాలి. మంద వెంట తిరుగుతూ పచ్చి మాంసం తినే కుక్కకు ఆరు వారాలకోసారి వేస్తే పురుగు గుడ్లు పెట్టే దశకు రాకముందే పోతుంది.
• కుక్క పిల్లలకు రెండు వారాల వయసు నుంచి మూడు నెలల వరకు రెండు వారాలకోసారి ఏలిక పాముల మందు వేయాలి.
• మందు వేశాక రెండు రోజులు కట్టేసి, మలాన్ని చేతికి తగలకుండా తీసి లోతుగా పూడ్చండి. మందు పురుగును చంపుతుంది కానీ గుడ్లను చంపదు.
• గొర్రెల ఆల్బెండజోల్ గానీ, ఐవర్‌మెక్టిన్ సూదిమందు గానీ సొంతంగా కుక్కకు వేయకండి. ప్రాణానికే ముప్పు రావచ్చు.

ఇదే సమయంలో రేబిస్ టీకా కూడా వేయిస్తే ఒకే పనితో రెండూ పూర్తవుతాయి.

తాపేటప్పుడు జాగ్రత్తలు

మందలో పిల్లలు, పెద్దవి వేరు చేయండి. ఒక్కో గుంపులో బరువైన దాన్ని తూచి ఆ బరువుకు మోతాదు కట్టండి. కంటి అంచనాతో పోస్తే పెద్ద జీవాలకు తక్కువ పడుతుంది. తల నేలకు సమాంతరంగానే ఉంచి, నోటి పక్క నుంచి నాలుక వెనక్కు నెమ్మదిగా పోయండి. తల పైకెత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి జీవం చనిపోతుంది. సీసాను ప్రతిసారీ బాగా కుదపండి. తాపిన రెండు వారాలకు పేడ నమూనా పరీక్ష చేయిస్తే మందు పనిచేసిందో లేదో తేలుతుంది.

ఖర్చు లేని నివారణ

• దేవరకు, జాతరకు పొట్టేలు కోసినప్పుడు తల, కార్జం, ఊపిరితిత్తులు కుక్కలకు పచ్చిగా వేయకండి. వేయాల్సి వస్తే ముక్కలు చేసి అరగంట ఉడికించాలి. నీళ్ల సంచులున్న భాగాలను మూడడుగుల గుంతలో సున్నం చల్లి పూడ్చండి.
• తిరుగుడు జబ్బుతో చనిపోయిన జీవాన్ని వంకలో పారేయకండి. ఊరికుక్కలన్నిటికీ పురుగు అంటుతుంది.
• మంచు ఆరాకే మేతకు తోలండి. నట్టల పిల్లలు గడ్డి మొదళ్లలో, తడి ఉన్నచోట ఎక్కువ.
• కుంట అంచున మేపకుండా తొట్టిలో నీళ్లు పోయండి.
• కుక్కను ముట్టుకున్నాక, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం పిల్లలకు అలవాటు చేయండి.

ఊరిలో ఒక్క మంద కుక్కకే మందు వేస్తే పక్క మంద కుక్క మళ్లీ అదే బీడును పాడు చేస్తుంది. అందువల్ల కాపరులంతా ఒకే రోజు అనుకుని, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకునికి మందల లెక్కతో పాటు కుక్కల లెక్క కూడా ఇవ్వండి. పశుసంవర్ధక శాఖ నట్టల నివారణ కార్యక్రమం మీ ఊరికి వచ్చిన రోజే కుక్కలకూ మందు వేయించుకోవచ్చు. అత్యవసరమైతే సంచార పశు వైద్యశాల కోసం 1962కు ఫోన్ చేయండి.