బాలల చదువు – దాని కొలతలు

బాలలకు ఏమి నేర్పవలయునను ప్రశ్నపై మన దేశమున జరిగినంత చర్చ, వారు నేర్చినదానిని ఎట్లు కొలువవలయునను ప్రశ్నపై జరుగలేదు. మొదటిది విద్వాంసుల పనియనియు, రెండవది గుమాస్తాల పనియనియు మనవారి తలంపు. చరిత్రను పరిశీలించినచో విషయము వేరుగా కానవచ్చుచున్నది. ఏ కాలమునగాని బడిలో నిజముగా నేర్పబడునది పాఠ్యప్రణాళికలో వ్రాసియున్నది కాదు. రేపు ఎవరో వచ్చి అడుగుదురని ఉపాధ్యాయుడు ఎఱిగియున్నదే. కొలబద్ద ఎవరి చేతిలో నుండునో చదువు వారిదగును. దీనికి మన తెలుగు బడుల చరిత్రయే సాక్ష్యము.

1822వ సంవత్సరమున చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో, రాజధానిలోని బడుల లెక్కలను పంపవలసినదని కలెక్టరులకు ఉత్తరువు చేసెను. వచ్చిన జాబులలో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో వ్రాసినది మిక్కిలి విలువైనది. ఆ జిల్లాలో విద్యాస్థానములు 533. అందు తెలుగు నేర్పునవి 226, కన్నడము నేర్పునవి 235. చదువువారు 6,641 మంది. హిందూ బాలికలు మాత్రము 60 మంది. పూర్వపు వీధిబడులను బంగారుకాలముగా వర్ణించువారు ఈ కడపటి అంకెను మఱువరాదు.

ఆ బడిలో ఉదయమున అందఱికంటె ముందు వచ్చిన బాలుని అఱచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న. మూడవవానికి ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు. ఆపై వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి హెచ్చు. సోమరికి గుంజిళ్లు, కోదండము కాచుకొనియుండును. ఇదియు నొక విధమైన పరీక్షయే. కాని యది కొలిచినది జ్ఞానమును కాదు, వేకువను లేచుటను.

బాలురు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుకొని, ఎక్కములు, లెక్కలు, జాబులు వ్రాయుట నేర్చి, పద్యకావ్యములను కంఠస్థము చేయుచుండిరి. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పు పద్ధతిని క్యాంబెల్ కొనియాడెను. చెన్నపట్టణపు అనాథబాలుర శాలలో 1789 మొదలు ఇట్టి పద్ధతినే నడపి, ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు 1797లో లండనున గ్రంథము ప్రకటింపగా, అది ఇంగ్లండు బడులలో వ్యాపించెను. కాని క్యాంబెల్ మఱియొక మాటయు వ్రాసెను: ఈ బాలురు వందలకొలది పద్యములను అప్పగింపగలరు గాని, వాని అర్థమును చిలుక ఎఱిగినంతకంటె ఎక్కువ ఎఱుగరని. పరదేశీయుని మాట యని దీనిని త్రోసివేయుట సులభము. త్రోసివేయుట న్యాయము కాదు.

చిలుకపలుకు ఎందుచేత నిలిచెను? ఆ బడిని పోషించువారు తల్లిదండ్రులు. దసరా దినములలో అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికి పోవును. పిల్లలు విల్లంబులు పట్టి పద్యములు పాడుదురు. గృహస్థులు అయ్యవారికి కానుకయు, పిల్లలకు పప్పుబెల్లములును ఇత్తురు. వీధిబడికి అదియే బహిరంగ పరీక్ష. గుమ్మమున నిలిచి వినువారికి తప్పులేని గొంతు వినబడును గాని, అర్థము తెలిసినదో లేదో వినబడదు. వినబడినదానికే కానుక గనుక, వినబడుదానినే అయ్యవారు నేర్పెను. ఆయనను నిందింపబనిలేదు; కొలత అట్టిది.

తరువాత కొలబద్ద దొరతనము వారి చేతికి పోయెను. ఇంగ్లండులో రాబర్టు లో అను మంత్రి 1862లో ఒక నిబంధన తెచ్చెను. పరీక్షాధికారి వచ్చి ప్రతి బాలుని పఠనమునందును, లేఖనమునందును, గణితమునందును పరీక్షించును. నెగ్గిన ఒక్కొక్క విషయమునకు బడికి 2 షిల్లింగుల 8 పెన్నీలు. ఫలితమును బట్టి ధనము. ఈ పద్ధతి ఆ దశాబ్దముననే చెన్నరాజధానికిని దిగుమతి యయ్యెను. ఫలము ఊహింపదగినదే. వెల కట్టబడిన మూడు విషయములు నిలిచెను. వెల లేనివి మూలపడెను. బాలురు వాచకమును మొదటినుండి తుదివఱకు వల్లించి, పుస్తకమును తలక్రిందుగా పట్టుకొనియు చదివిరని చెప్పుదురు. కవియు బడుల పరీక్షాధికారియు నగు మ్యాథ్యూ ఆర్నాల్డు దీనిని తుదివఱకు ఖండించెను. 19వ శతాబ్ది తుదిభాగమున ఇంగ్లండు దీనిని విడిచెను. హిందూదేశ ప్రభుత్వము 1904 నాటి విద్యావిధాన తీర్మానములో దీనిని గర్హించెను. ధనము ఇచ్చుట పోయెను గాని, అలవాటు పోలేదు.

ఆ మీదట ఎలిమెంటరీ బడులు ఐదవ తరగతి వఱకు గలవనియు, ఎనిమిదవ తరగతి వఱకు గలవనియు రెండు తెగలయ్యెను. రెండవ తెగకు కొసన ఇ.ఎస్.ఎల్.సి. పరీక్ష. హైస్కూలు జీతము కట్టలేని బీదవాని బిడ్డకు ఆ పత్రము ఉపాధ్యాయ శిక్షణకు దారి చూపెను. ఇది చిన్న మేలు కాదు. కాని తలుపు ఒకటే యైనప్పుడు, లోనికి పోలేనివారి గతి యేమని అడిగినవారు అరుదు. తప్పినవాడు ఏమి నేర్చెను, ఏమి నేర్వలేదు అను మాట ఆ పరీక్ష ఎవరికిని చెప్పలేదు.

2009 నాటి నిర్బంధోచిత విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు ఎనిమిది వఱకు గల తరగతులను ప్రాథమికోన్నత దశ యని నిర్ణయించి, ఎనిమిదవ తరగతి ముగియువఱకు ఏ బిడ్డను అదే తరగతిలో ఆపరాదనియు, మూల్యాంకనము నిరంతరముగాను సమగ్రముగాను సాగవలయుననియు శాసించెను. కొలబద్ద మొదటిసారి బిడ్డకొఱకు చేయబడెను. అంతటి సదుద్దేశము మా చేతులలో ఏమయ్యెనో చెప్పుటకు నాకు సిగ్గగుచున్నది.

నా తరగతిలో ఒక బాలుడు ఎనిమిదవదానికి వచ్చెను. ఆతని పుస్తకమున మూడేండ్ల నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక గ్రేడులు నిండుగా నున్నవి. ప్రాజెక్టు పనులకు పూర్తి మార్కులు. ఒకనాడు రెండవ తరగతి వాచకము చేతికిచ్చి చదువుమంటిని. ఆతడు బొమ్మను చూచి కథ చెప్పెను, అక్షరములను చదువలేదు. ఆ గ్రేడులలో రెండేండ్లవి నా చేతివ్రాతయే. పై అధికారికి కావలసినది నిండిన గడి. నేను గడిని నింపితిని. ఇట్టివాడు ఒక్కడు కాడు. ప్రథమ్ సంస్థ వారు 2022లో దేశపు పల్లెలలో పరీక్షింపగా, ఎనిమిదవ తరగతివారిలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు నూటికి డెబ్బదిమందికి లోపే.

2019లో చట్టము సవరింపబడినది. ఐదవ, ఎనిమిదవ తరగతుల తుదిని పరీక్ష జరుపవలయును. తప్పినవానికి అదనపు బోధన యొసగి, రెండు నెలలలోపల మరల పరీక్షింపవలయును. అప్పటికిని తప్పినచో ఆపుట ప్రభుత్వముల యిష్టము. 2024 డిసెంబరున కేంద్రప్రభుత్వము తన అధీనమునందలి బడులకు దీనిని అమలుపఱచెను. ఆపవలయునని కొందఱు, ఆపరాదని కొందఱు వాదించుచున్నారు. ఇరువురును ఆ రెండు నెలల మాట ఎత్తకున్నారు. ఆ దినములలో బిడ్డయెదుట ఎవరు కూర్చుందురు? ఏ పుస్తకము పట్టుకొందురు? వాని కొఱత ఏదో ముందుగా ఎఱిగియుందురా? శాసనమునందలి సారమంతయు అందే యున్నది.

పరీక్ష వలదని నేను చెప్పుటలేదు. వైద్యుడు నాడి చూడక మందీయడు; నాడి చూచి పొమ్మనువాడు వైద్యుడు కాడు. దసరా గుమ్మము, దొరగారి రాక, ఇ.ఎస్.ఎల్.సి. పత్రము, నేను నింపిన గడి – ఇవన్నియు ఎవరికో జవాబు చెప్పుకొనుటకు ఏర్పడినవి. బిడ్డకు జవాబు చెప్పునది ఇంకను రావలసియున్నది. నేనిప్పుడు జూన్ మాసమున బడి తెఱచిన మొదటి వారమున, మార్కులు లేక, ఒక్కొక్కరిని పిలిచి చదివించుకొనుచున్నాను. ఎవరికిని పంపనక్కఱలేని ఆ కాగితమే సంవత్సరమంతయు నాకు ఉపయోగపడుచున్నది.